పాత అవుట్‌బోర్డ్ ఇంజన్: బోల్టులు పట్టేశాయి, ఒకటి తల తెగింది, ఇప్పుడేం చెయ్యాలి?

ఉప్పాడ_కెరటం:

అందరికీ నమస్కారం. మాది ఉప్పాడ. మా మావయ్య ఫైబర్ బోటుకి 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ (బోటు వెనక తగిలించే ఇంజను) ఉంది. జపాన్ ఇంజనే, పదిహేనేళ్ళ పైమాటే, మావయ్య కూడా సెకండ్ హ్యాండులోనే కొన్నాడు. నేను ఐటీఐ డీజిల్ మెకానిక్ చేశాను కదా, ఇంట్లోనే మెకానిక్ ఉండగా బయట డబ్బులు తగలెయ్యడం ఎందుకని పని నా నెత్తిన పెట్టారు. వేట నిషేధం కాబట్టి బోటు ఒడ్డునే ఉంది. జూన్ 14తో నిషేధం అయిపోతుంది, 15న ఊరంతా సముద్రంలోకి పోతుంది, ఆ రోజుకి ఇంజను సిద్ధం చెయ్యకపోతే నేను మావయ్య ముందు తలెత్తుకోలేను.

అసలు సంగతేంటంటే, నిషేధానికి ముందు నుంచే ఇంజను వెనక చిన్న రంధ్రంలోంచి వచ్చే నీళ్ళ ధార సన్నబడిపోయింది, అరగంట నడిపితే హెడ్డు (సిలిండర్ మూత) మీద చెయ్యి పెట్టలేకపోయేవాళ్ళం. ఇంపెల్లర్ (చల్లబరిచే నీళ్ళు తోడే రెక్కల చక్రం) మారుద్దాం, థర్మోస్టాట్ (వేడిని బట్టి ఆ నీళ్ళని వదిలే వాల్వు) కూడా చూద్దాం అని మొదలుపెట్టాను. కింద లెగ్గుకి (గేర్లు, ఫ్యాను ఉండే కింది భాగం) నాలుగు బోల్టులు, 12 నంబరు తల. రెండు వచ్చేశాయి. మూడోదాని తల గుండ్రంగా అరిగిపోయింది, పానా పట్టట్లేదు. నాలుగోది కదలనే కదలదు. సరే పైన చూద్దామని థర్మోస్టాట్ మూత మీద పడ్డాను, అక్కడ నాలుగు చిన్న బోల్టులు, 10 నంబరు. మొదటిదానికే కొంచెం బలం పెట్టేసరికి టక్కుమని తల తెగి చేతికొచ్చింది. మిగతా మూడింటినీ ముట్టుకోవాలంటే భయంగా ఉంది. మూత అంచుల్లో సున్నంలాగా తెల్లటి పొడి కనిపిస్తోంది.

డబ్ల్యూడీ 40 రెండు రోజులుగా కొడుతూనే ఉన్నా, డబ్బా సగం అయిపోయింది. గ్యాస్ వెల్డింగ్ షాపుకి తీసుకెళ్ళనా? ఈజీ అవుట్ (తెగిన బోల్టులో రంధ్రం పెట్టి దింపి, వెనక్కి తిప్పి లాగే పనిముట్టు) సెట్టు కొననా? ఎవరైనా ఈ పని చేసినవాళ్ళు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

---

బోటు_బాబాయ్:

పాత టూ స్ట్రోక్ మీద ఇంకా డబ్బులు పెట్టడం దేనికి? మా ఊళ్ళో సగం మంది లాంగ్ టెయిల్ (పొడుగు షాఫ్టు చివర ఫ్యాను ఉండే) డీజిలుకి మారిపోయారు. అదీ మారిపోతే సరి.

---

లేత్_మేస్త్రి:

బాబాయ్, ఆయన అడిగింది బోల్టు ఎలా తియ్యాలని, ఇంజను ఎప్పుడు మార్చాలని కాదు.

తమ్ముడూ, ముందు ఆ పానా కింద పెట్టు. మిగతా మూడు బోల్టులూ ఇంకా తలతో ఉన్నాయి కదా, అదే నీ అదృష్టం. తల ఉన్న బోల్టు అరగంట పని, తల తెగిన బోల్టు రెండు రోజుల పని. నేను కాకినాడలో ఇరవై ఏళ్ళుగా లేత్ మీద ఉన్నాను, నా దగ్గరికి వచ్చే ఇంజన్లలో బోల్టు తనంతట తాను విరిగినవి తక్కువ, ఇంకొక్క పట్టు పడదాం అని విరగ్గొట్టుకొచ్చినవే ఎక్కువ.

నువ్వు చూసిన తెల్లపొడి సున్నం కాదు. స్టీలు బోల్టు, అల్యూమినియం బాడీ, మధ్యలో ఉప్పునీళ్ళు, మూడూ కలిస్తే బ్యాటరీలాగా పనిచేస్తుంది, అందులో అరిగిపోయేది అల్యూమినియం. అరిగిన అల్యూమినియమే ఆ పొడి. దానికి అసలు లోహం కంటే ఎక్కువ చోటు కావాలి, మర సందులో అంత చోటు ఉండదు, దాంతో బోల్టుని నలువైపులా నొక్కేస్తుంది. ఇనుప తుప్పు అయితే నూనె పీల్చుకుని కొంత మెత్తబడుతుంది. ఇది నూనెకి లొంగదు. నీ డబ్బా సగం అయిపోయినా ఏమీ కాకపోవడానికి కారణం అదే. పైగా డబ్ల్యూడీ అంటేనే నీటిని తోసేసేది అని, దాన్ని తయారుచేసింది తేమ తొలగించడానికి. తడిసిన ప్లగ్గు వైర్ల మీద కొట్టుకోవడానికి బాగుంటుంది.

దీనికి మందు వేడి. బోల్టుని కాదు, బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చెయ్యాలి. చిన్న బ్లో టార్చ్ చాలు, పెయింట్ ఊడదీసే హీట్ గన్ ఉంటే ఇంకా మంచిది. గ్యాస్ కట్టింగ్ టార్చ్ మాత్రం వద్దు. ఇనుము అయితే ఎర్రబడి హెచ్చరిస్తుంది, అల్యూమినియం ఎర్రబడదు, చూస్తూ చూస్తూ ఉండగానే జావలా కారిపోతుంది. అసలు అల్యూమినియం 660 డిగ్రీలకి కరుగుతుంది, పోత అల్యూమినియం ఇంకా ముందే. నీకు అంత అవసరం లేదు. ఒక నీటి చుక్క వేస్తే చుయ్‌మని ఎగిరిపోవాలి, అంతే.

వేడెక్కాక కొవ్వొత్తి తీసుకుని బోల్టు తల మొదట్లో అంటించు. మైనం కరిగి సందులోకి దిగుతుంది. చల్లారనివ్వు. మళ్ళీ వేడి చెయ్యి, మళ్ళీ మైనం. మూడుసార్లయ్యాక బోల్టు తల మీద నిలువుగా సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వెయ్యి, పది పదిహేను, మేకు దిగ్గొట్టినట్టు కాదు, తలుపు తట్టినట్టు. అప్పుడు పానా పెట్టు. మొదట బిగించే వైపు ఒక వెంట్రుకంత, తర్వాత విప్పే వైపు. కదిలిందా, పొంగిపోయి ఒకేసారి తిప్పెయ్యకు. పావు చుట్టు ముందుకి, అర పావు వెనక్కి, మధ్యలో మళ్ళీ నూనె. వస్తూ వస్తూ మళ్ళీ బిగుసుకుంటే ఆగి మళ్ళీ వేడి చెయ్యి.

ఇంకోటి, పన్నెండు మూలల రింగు పానా వాడి ఉంటావు, అందుకే ఆ తల గుండ్రమైంది. ఆరు మూలల సాకెట్టే వాడు.

---

ధమ్మాం_సిక్కోలు:

మేస్త్రి గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్టు. నేను సౌదీలో షిప్ యార్డులో ఫిట్టర్‌ని, మాది శ్రీకాకుళం వైపు. ఒకటి రెండు కలుపుతాను.

ఒక్కసారి వేడి చేసి రాలేదని వదిలేస్తారు చాలామంది. లెక్క వేసి చూడండి. అల్యూమినియం స్టెయిన్‌లెస్ కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది నిజమే, కానీ 6 మిల్లీమీటర్ల బోల్టు (10 నంబరు తల ఉండేది) దగ్గర రెండూ కలిసి 100 డిగ్రీలు వేడెక్కితే వచ్చే సందు 4 మైక్రాన్ల లోపే, వెంట్రుకలో పదో వంతు కూడా కాదు. అంటే వేడి సందు తెరిచి బోల్టుని వదిలెయ్యదు. ఆ తెల్ల పొరని పగలగొడుతుంది, వేడి, చల్లదనం, వేడి, చల్లదనం అలా పదే పదే చేస్తే పగులుతుంది. అందుకే మూడు నాలుగు సార్లు. అల్యూమినియం వేడిగా ఉండగా బోల్టు తల మీద మాత్రం ఐసు ముక్క పెడితే తేడా ఇంకా పెరుగుతుంది.

నూనె కావాలంటే అసిటోన్, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సు నూనె, పవర్ స్టీరింగ్ నూనె అని అడిగినా ఇస్తారు) సగం సగం కలిపి వాడండి. రెండూ విడిపోతుంటాయి, ప్రతిసారీ సీసా ఊపాలి. కానీ ఆ రోజు మంట జోలికి పోకండి, అసిటోన్ పెట్రోలులాగే భగ్గుమంటుంది. నూనె పని ఒక రోజు, వేడి పని ఇంకో రోజు. కలిపి చెయ్యకండి.

---

భీమిలి_చేపలోడు:

వేడి వేడి అంటున్నారు గానీ అది పెట్రోలు ఇంజను అని ఒక్కరైనా చెప్పారా? ట్యాంకు, గొట్టం, కార్బురేటర్ అన్నీ తీసేసి దూరంగా పెట్టాకే టార్చ్ వెలిగించు అన్నా. మా పక్క బోటు వాళ్ళ కుర్రాడు కింద గుడ్డలో నానిన పెట్రోలు చూసుకోలేదు, కనుబొమలు పోయాయి, ఇంకేం పోలేదు కాబట్టి ఇప్పుడు నవ్వుకుంటున్నాం.

ఇక ఈజీ అవుట్ గురించి. కొనకు. ఎవరిచ్చినా తీసుకోకు. నేను థర్మోస్టాట్ బోల్టు తెగితేనే 3 మిల్లీ రంధ్రం పెట్టి ఈజీ అవుట్ దింపాను. 6 మిల్లీ బోల్టుకి సరిపోయే ఈజీ అవుట్ అగ్గిపుల్లంత ఉంటుంది, తల ఉండగానే పానాకి కదలని బోల్టుని అది కదుపుతుందా? లోపలే విరిగింది. అది ఎంత గట్టి స్టీలంటే డ్రిల్ బిట్టు దాని మీద జారుతుంది గానీ దిగదు. అప్పుడు నాకు ఏడుపొక్కటే తక్కువ.

తర్వాత ఒక పెద్దాయన చెప్పాడు పటిక వాడమని. గడ్డం గీసుకున్నాక రుద్దుకునే పటికే, దిష్టికి గుమ్మానికి కట్టేదే. హెడ్డు పూర్తిగా విప్పి, పటిక కరిగినంత కలిపిన నీళ్ళలో ముంచి, సన్నటి సెగ మీద రోజున్నర ఉంచాను. ఈజీ అవుట్ ముక్క నుంచి బుడగలు వస్తూనే ఉన్నాయి, చివరికి నల్లటి బురదలా అయిపోయి పుల్లతో గీకితే వచ్చేసింది, అల్యూమినియం మాత్రం చెక్కు చెదరలేదు. గిన్నె స్టీలుది (స్టెయిన్‌లెస్), మా ఆవిడ దాన్ని ఇప్పటికీ వంటింట్లోకి రానివ్వట్లేదు.

---

ధమ్మాం_సిక్కోలు:

పటిక మాట నిజమే, ఇరిగిపోయిన ట్యాపులకి (రంధ్రంలో మర కోసే పనిముట్లు) మేమూ వాడతాం. కానీ అది మామూలు స్టీలునే తింటుంది. ఇంజను బోల్టు స్టెయిన్‌లెస్ అయితే పటిక నీళ్ళు దాన్ని పెద్దగా ఏమీ చెయ్యవు, నెల రోజులు ఉడికించినా అలాగే ఉంటుంది. ప్రశ్న అడిగిన తమ్ముడు అది చదివి కిలో పటిక తెచ్చుకునేలోపు చెప్పేద్దామని.

---

ఉప్పాడ_కెరటం:

నిజంగానే పటిక కోసం కొట్టుకి బయల్దేరాను అన్నా 😀

ఇవాళ్టి సంగతి. హీట్ గన్ పక్క వీధిలో ఫర్నిచర్ పనివాళ్ళ దగ్గర దొరికింది. థర్మోస్టాట్ మూతకి మిగిలిన మూడు బోల్టులకీ వేడి, కొవ్వొత్తి, వేడి, కొవ్వొత్తి, నాలుగు విడతలు చేశాను. సాయంత్రానికి మూడూ వచ్చేశాయి! రెండోది కదిలేటప్పుడు 'క్రీక్' మని వచ్చిన చప్పుడుకి గుండె ఆగినంత పనైంది, విరిగిందనుకున్నా, కానీ అది వదిలిన చప్పుడు. లెగ్గుకున్న నాలుగో బోల్టు కూడా అలాగే వచ్చింది.

తల గుండ్రమైన మూడోది మాత్రం రాలేదు. తల తెగిన ముక్క మూతలోంచి ఏమాత్రం పైకి లేదు, మూత తీశాక చూస్తే హెడ్డులో రెండు మిల్లీమీటర్లు లోపలే తెగి ఉంది. మూత లోపల ఉప్పు గడ్డకట్టి ఉంది, థర్మోస్టాట్ అందులో ఇరుక్కుపోయి కనపడనే లేదు, ఫొటో పెడదామంటే చేతినిండా గ్రీజు.

---

లేత్_మేస్త్రి:

శభాష్. ఇప్పుడు మిగిలినవి రెండు వేరు వేరు జబ్బులు.

గుండ్రమైన తల: తల బయటికే ఉంది కాబట్టి ఇది తేలిక. దాని మీద ఒక పెద్ద నట్టు పెట్టించి, నట్టు మధ్యలో వెల్డింగ్ నింపించు. స్టెయిన్‌లెస్ రాడ్డు వాడమను, 309 రాడ్డు ఉంటే మేలు. స్టీలు రాడ్డు అల్యూమినియానికి అంటుకోదు, కాబట్టి పక్కన పడ్డ చుక్కల గురించి బెంగ వద్దు, తడిగుడ్డ కప్పితే చాలు. వెల్డింగ్ వేడికే లోపలి పట్టు సగం విడిపోతుంది. నట్టు ఎరుపు పోయేదాకా ఆగి, నల్లబడ్డాక పానా పెట్టి అటూ ఇటూ చిన్నగా ఆడించు. వెల్డింగ్‌కి ముందు సీడీఐ (ప్లగ్గుకి కరెంటు ఇచ్చే ఎలక్ట్రానిక్ పెట్టె) వైర్లు అన్నీ పీకెయ్యి, ఎర్త్ క్లిప్పు లెగ్గుకే, బోల్టుకి దగ్గరగా పెట్టించు. ఎర్త్ పైన హెడ్డుకి పెడితే కరెంటు గేర్ల బేరింగుల్లోంచి, క్రాంక్ బేరింగుల్లోంచి పోయి వాటిని పాడుచేస్తుంది, అప్పుడు నన్ను తిట్టుకుంటావు.

లోపల తెగిన ముక్క: ఆర్గాన్ వెల్డింగ్ చేసే మంచి చెయ్యి ఉంటే లోపలి నుంచి చుక్క చుక్క పేర్చి పైకి తెస్తారు. 6 మిల్లీ బోల్టు, రెండు మిల్లీ లోపల అంటే పది మందిలో ఒకడు చెయ్యగలడు. లేకపోతే డ్రిల్లే. ఇక్కడ అందరూ చేసే తప్పు చెప్తాను. స్టెయిన్‌లెస్ గట్టిది, చుట్టూ అల్యూమినియం మెత్తది, చేత్తో డ్రిల్ పెడితే బిట్టు మెత్తని వైపు జారిపోతుంది, నువ్వు బోల్టుకి కాక బోల్టు పక్కన రంధ్రం పెడతావు. కాబట్టి ఆ థర్మోస్టాట్ మూతనే వాడుకో. మూత రంధ్రంలో సరిగ్గా కూర్చునేలా ఒక చిన్న బుష్ (గొట్టం లాంటి ముక్క) లేత్ మీద చేయించు, దాని మధ్యలో 3 మిల్లీ రంధ్రం. మూతని మిగతా మూడు బోల్టులతో బిగించి, బుష్ పెట్టి, దాని గుండా డ్రిల్ చెయ్యి. బిట్టుకి వేరే దారి ఉండదు.

కోబాల్ట్ బిట్టు కొను, నెమ్మదిగా తిప్పు, కానీ గట్టిగా నొక్కు. స్టెయిన్‌లెస్ మీద బిట్టు కొరక్కుండా ఊరికే రాసుకుంటూ తిరిగితే ఆ చోటు ఇంకా గట్టిపడిపోతుంది, తర్వాత ఏదీ దిగదు. నూనె చుక్క వేస్తూ ఉండు. బిట్టుకి టేపు చుట్టి ఎంత లోతు పోవాలో గుర్తు పెట్టుకో, రంధ్రం అడుగున నీళ్ళ దారి ఉంటుంది, అది పొడిస్తే హెడ్డు పోయినట్టే. 3 తర్వాత 4, చివర 5, ప్రతిదానికీ దాని కొలత బుష్. అక్కడికి బోల్టులో మరల పొర మాత్రమే మిగులుతుంది, సన్నటి మొనతో గీకితే చుట్టలు చుట్టలుగా వస్తుంది, అప్పుడు 6 మిల్లీ ట్యాపుతో మర శుభ్రం చేసుకోవచ్చు. మర పోయిందనుకో, హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) ఉంది, 6.3 డ్రిల్, దాని సెట్టులో వచ్చే ట్యాపు, కాయిల్ పైఅంచుకి అర చుట్టు కిందికి దిగాలి.

---

భీమిలి_చేపలోడు:

లెగ్గు నాలుగు బోల్టులూ వచ్చాక లెగ్గు ఊడి చేతిలో పడుతుందనుకోకు. గేరు రాడ్డు జాయింటు విప్పాలి ముందు. అప్పటికీ రాకపోతే పైన క్రాంక్‌లో దిగే షాఫ్టు పట్టేసిందని అర్థం. స్క్రూడ్రైవర్ సందులో పెట్టి పెకలించకు, అంచు ముక్క ఊడుతుంది. చెక్కముక్క అడ్డంపెట్టి కొట్టు.

---

ఉప్పాడ_కెరటం:

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా, క్షమించండి, నిద్ర కూడా సరిగా లేదు.

నట్టు వెల్డింగ్ అద్భుతం. షాపతను ముప్పై సెకన్లు పట్టాడు, చల్లారాక వేళ్ళతో తిప్పినట్టు వచ్చేసింది, రెండు రోజులు దాని మీద పడి ఏడ్చింది ఎందుకో నాకే అర్థం కాలేదు. లెగ్గు దించాను, గేరు రాడ్డు సంగతి చెప్పకపోతే నేను కచ్చితంగా సుత్తి తీసేవాణ్ణి. ఇంపెల్లర్‌కి రెండు రెక్కలు లేవు! ఒకటి నీళ్ళ గొట్టం మొదట్లో ఇరుక్కుని దొరికింది, రెండోది ఇంకా దొరకలేదు.

తెగిన ముక్కకి ఆర్గాన్ అతను చూసి నావల్ల కాదన్నాడు, డబ్బులు తీసుకోకుండా చెప్పాడు, సంతోషం. బుష్ చేయించి డ్రిల్ చేశాను. 3, 4 బాగానే పోయాయి, 5 దగ్గర తొందరపడి బుష్ లేకుండా చేత్తో పెట్టాను, కొంచెం పక్కకి పోయింది, ఒక వైపు మర తినేసింది. మేస్త్రి గారూ తిట్టండి. హెలికాయిల్ వేశాను, బోల్టు నిలువుగానే నిలబడింది. ఇప్పుడు కొత్త బోల్టులు వెయ్యాలి. కాపర్ గ్రీజు పూయమని ఒకరు, ఏమీ పూయొద్దు వదులైపోతాయని ఒకరు అంటున్నారు.

---

ధమ్మాం_సిక్కోలు:

కాపర్ గ్రీజు అల్యూమినియంలో వద్దు. ఉప్పునీళ్ళలో రాగి పక్కన అల్యూమినియం ఇంకా తొందరగా పోతుంది. నీళ్ళకి కడుక్కుపోని మెరైన్ గ్రీజు మర నిండా, బోల్టు తల కిందా పూయండి. హెలికాయిల్ కూడా స్టెయిన్‌లెస్సే, దానికీ పూయండి. గ్రీజు వల్ల వదులు కాదు, బిగింపు ఎక్కువైపోతుంది, అదీ అసలు భయం. 10 నంబరు బోల్టుకి 8 న్యూటన్ మీటర్లు, 12 నంబరుకి 18, అంతకి మించొద్దు. టార్క్ రెంచి లేకపోతే పానాని చివర కాక తల దగ్గర పట్టుకుని బిగించండి.

లెగ్గు మీద జింకు ముక్క (యానోడ్, అల్యూమినియం బదులు తాను అరిగిపోయేది) ఉందో లేదో చూడండి. చాలా పాత ఇంజన్లకి అది అరిగి మాయమైపోయి ఉంటుంది, లేదా ఎవరో అందంగా ఉంటుందని దాని మీద కూడా పెయింట్ కొట్టేస్తారు. పెయింట్ కొడితే అది ఉన్నా లేనట్టే.

---

ఉప్పాడ_కెరటం:

ఉంది. పెయింట్ కొట్టే ఉంది 🙏 గీకేస్తున్నా.

రెండో రెక్క హెడ్డు లోపల నీళ్ళ దారిలో దొరికింది. ఇవాళ ఇంజనుని మంచినీళ్ళ డ్రమ్ములో దింపి స్టార్ట్ చేశాం. నాలుగో తాడుకి అందుకుంది. ధార ఎంత జోరుగా వచ్చిందంటే మావయ్య లుంగీ తడిసిపోయింది, ఆయన తిట్టలేదు. ఇరవై నిమిషాలు నడిపాం, హెడ్డు మీద చెయ్యి పెట్టి ఉంచగలుగుతున్నా.

ఇంకా ఆరు రోజులు ఉంది. ఇంజను పక్కన ఎగ్జాస్ట్ కవరు ఉంది కదా, దాని చుట్టూ పదికి పైగా 10 నంబరు బోల్టులు, వాటి అంచునా అదే తెల్లపొడి కనిపిస్తోంది. ఎలాగూ చెయ్యి తిరిగింది కదా, అదీ విప్పి లోపల ఉప్పు శుభ్రం చేసేస్తే మంచిదంటారా?

---

లేత్_మేస్త్రి:

ధార బాగుంది, హెడ్డు చల్లగా ఉంది, నిషేధం ఆరు రోజుల్లో అయిపోతోంది. ఆ కవరు వైపు చూడను కూడా చూడకు. వచ్చే ఏడాది ఏప్రిల్ 15న, బోటు ఒడ్డెక్కిన రోజున నాకు మెసేజ్ పెట్టు.